కొలిమిలోని పెచ్చు: గుర్తు పరమాణువుల సాక్ష్యము ఎంతవరకు?

కమ్మరి కొలిమినుండి ఎర్రగా కాలిన కర్రును తీసి, దాగలిమీద పెట్టి, సమ్మెటతో కొట్టునపుడు దానినుండి నల్లని పెచ్చులు రాలిపడుట మనలో చాలమంది చూచినదే. పెచ్చు రాలినచోట ఇనుము కొంచెముసేపు కాంతివంతముగా కనబడి, అంతలోనే తిరిగి నల్లబడును. ఈ పెచ్చు ఇనుముయొక్క ఆక్సైడు. ఇది ఎట్లు ఏర్పడినదని ఉన్నత పాఠశాల విద్యార్థిని అడిగినచో, "ఇనుము గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజన్‌తో, సంయోగము చెందుటచేత" అని చెప్పి సమీకరణమును వ్రాసి చూపును. మార్కులు కూడ వచ్చును.

ఆ సమాధానములో తప్పు లేదు గాని ఒక చిక్కు దాగియున్నది. మొట్టమొదటి పలుచని పొర ఏర్పడిన మరుక్షణమునుండి ఇనుము లోపల, ఆమ్లజని వెలుపల, నడుమ ఆక్సైడు గోడ! ఇక ఆ రెండును కలిసికొనుట ఎట్లు? ఇనుము ఆ గోడగుండా వెలుపలికి రావలెను. లేదా ఆమ్లజని లోపలికి పోవలెను. లేదా రెండును నడువవలెను. ఎవరు నడచుచున్నారను విషయమున సమీకరణము నోరు విప్పదు. ఐనను "ఆమ్లజని లోహమును తినివేయును" అని తరగతిలో మనము తరచుగా అను మాట ఒక జవాబును దొంగచాటుగా అందించుచున్నది: నడచునది ఆమ్లజనియే యని. కొలిమిలో కాలిన ఇనుము విషయమున ఈ జవాబు చాలవరకు తప్పు. అక్కడ ముఖ్యముగా నడచునది ఇనుమే.

ఇచట ఇంకొక మాట. ఈ పెచ్చును తుప్పుతో కలుపరాదు. తుప్పు పట్టుటకు నీరు కావలెను. అది వేరు కథ. మనము చెప్పుకొనుచున్నది పొడిగాలిలో, వందల డిగ్రీల వేడిలో జరుగు చర్య.

ఎవరు నడచిననేమి, చివరకు ఆక్సైడే గదా ఏర్పడునది అని అనుకొనవచ్చును. కాని పొర నిలుచుటయు రాలుటయు చాలవరకు దీనిపై ఆధారపడియున్నవి. లోహము వెలుపలికి పోయినచో అది విడిచిన చోటు క్రింద ఖాళీ యగును. ఆ ఖాళీలు ఒకచోట చేరినచో పొరకు అడుగున పట్టు తప్పి అది పెచ్చులుగా ఊడును. ఆమ్లజని లోపలికి వచ్చినచో కొత్త ఆక్సైడు పొరకు అడుగున, ఇరుకైన చోట పుట్టవలెను. అది సాధారణముగా తాను పుట్టిన లోహముకంటె ఎక్కువ చోటు కోరును. పిల్లింగ్, బెడ్‌వర్తు అను ఇరువురు 1923లో లెక్కకట్టి చూపినది ఈ నిష్పత్తినే. జిర్కోనియమునకు అది సుమారు ఒకటిన్నర రెట్లు. జిర్కోనియములో నడచునది ఆమ్లజని. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణు ఇంధనమునకు తొడుగుగా తయారుచేయు గొట్టములు ఈ లోహపు మిశ్రమములే గనుక, వాటి పొర ఎట్లు పెరుగునను ప్రశ్న మనకు దూరపుది కాదు. అమెరికాలోని త్రీ మైల్ ఐలండులో 1979లోను, జపానులోని ఫుకుషిమాలో 2011లోను జరిగిన ప్రమాదములలో హైడ్రోజను పుట్టినది ముఖ్యముగా అట్టి గొట్టములు అతిగా వేడెక్కి నీటియావిరితో కలియుట వలననే.

ఎవరు నడచిరో కనుగొనుటకు మొదటి తెలివైన ఉపాయము ఐసోటోపులు లేకుండగనే దొరకినది. బ్రిటిషు లోహశాస్త్రజ్ఞుడు ఎల్. బి. ఫైల్ 1929లో ప్రకటించిన పరిశోధనలో ఇనుముపై క్రోమియం ఆక్సైడు వంటి మార్పు చెందని పదార్థమును పూసి, తరువాత దానిని కాల్చెను. ఆమ్లజని లోపలికి వచ్చినట్లయితే కొత్త ఆక్సైడు పూతకు అడుగున పుట్టి, పూత పైననే తేలియుండవలెను. కాని పూత పొరలోపల పూడుకొనిపోయినది. అనగా ఇనుము పూతను దాటి వెలుపలికి వచ్చి, పైన ఆమ్లజనితో కలిసినది. ఇంత చవుకగా, ఇంత సూటిగా ప్రకృతిని ప్రశ్నించిన ప్రయోగములు అరుదు. పాఠ్యగ్రంథములు దీనిని విడిచిపెట్టుట నాకు వింతగా తోచును.

ఐనను ఫైల్ పూతకు ఒక దోషము కలదు. పూత ఒక ముద్ద, పరమాణువు కాదు. పొర గుల్లగా ఉన్నచో గాలి సందులగుండా దిగి, పూత చుట్టును ఆక్సైడు పెరిగి దానిని మింగవచ్చును. అపుడు పూత లోపల కనబడినను ఇనుము వెలుపలికి వచ్చెనని చెప్పుటకు వీలులేదు. పూత మందమైనచో అదియే అడ్డుగోడ యగును. ఫైల్ నిర్ణయము ఇనుము విషయమున నిలిచినది గాని, తరువాత అదే పద్ధతిని ఇతర లోహములకు ప్రయోగించినపుడు ఈ హెచ్చరికను మరచిన సందర్భములు లేకపోలేదు.

ఇంతలో జర్మనీలో కార్ల్ వాగ్నర్ 1933లో ఈ నడకకు ఒక సిద్ధాంతమును నిర్మించెను. పొర మందము పెరిగినకొలది నడువవలసిన దూరము పెరిగి, పెరుగుదల మందగించును. ఒక గంటలో 10 మైక్రాన్లు పెరిగిన పొర 20 మైక్రాన్లు కావలెనన్న రెండు గంటలు చాలవు, నాలుగు గంటలు కావలెను. టామన్ 1920లోనే గమనించిన ఈ వర్గసూత్రమునకు వాగ్నర్ కారణము చూపెను: స్ఫటికములో అక్కడక్కడ ఖాళీ స్థానములు కలవు, అయానులు వాటిలోనికి దుముకుచు ముందుకు సాగును.

ఈ ఖాళీల సంగతి విద్యార్థులకు చెప్పుటకు పెండ్లి బంతికంటె మంచి ఉపమానము లేదు. బంతిలో చివరి విస్తరివద్దనున్నవాడు లేచిపోయినాడనుకొందము. అతని ప్రక్కవాడు ఆ చోటునకు జరిగెను, అతని ప్రక్కవాడు ఇతని చోటునకు జరిగెను. ఖాళీ మాత్రము బంతి ఈ చివరనుండి ఆ చివరకు ప్రయాణము చేసినది. మనుష్యులందరు ఒక్కొక్క చోటే జరిగిరి. రాగిపై ఏర్పడు ఎర్రని ఆక్సైడులో జరుగునది ఇదే. వెలుపల ఆమ్లజని రాగి అయానును లాగికొనగా ఒక ఖాళీ పుట్టి, అది లోపలికి, లోహమువైపునకు నడచును. ఈ ఉపమానమును కొంచెము గుర్తుంచుకొనవలెను. ముందు దీనితోనే ఒక పెద్ద పొరపాటును పట్టుకొనవలసియున్నది.

వాగ్నర్ సిద్ధాంతమును పరమాణువుల స్థాయిలో పరీక్షించిన ప్రయోగములలో నేను ఎక్కువగా మెచ్చుకొనునది 1946లో వెలువడినది. దానిని చేసినవారు బార్డీన్, బ్రాటెన్, షాక్లీ. ట్రాన్సిస్టరునకు గాను 1956లో నోబెల్ బహుమానమును పంచుకొన్న ఆ ముగ్గురే! రాగి ఆక్సైడు ఆ కాలమున విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చు పరికరములలో వాడబడుచుండెను గనుక బెల్ ప్రయోగశాలవారికి దానిపై ఆసక్తి సహజము. వారు రాగిబిళ్ళపై రేడియోధార్మిక రాగిని పలుచగా పూసి, అధికోష్ణమున కాల్చి, ఏర్పడిన ఆక్సైడును పొర తరువాత పొరగా కరిగించి తీసి, ప్రతి పొరలోని రేడియోధార్మికతను కొలిచిరి. పూసిన రాగి రసాయనికముగా మామూలు రాగియే. కేంద్రకము మాత్రము వేరు. అది తన ఉనికిని తానే చాటుకొనును. ఇట్టివానినే గుర్తు పరమాణువులు, లేక ట్రేసర్లు అందురు. పని తొందరగా ముగింపవలెను. రాగి-64లో సగము 12.7 గంటలకే క్షీణించిపోవును.

ఈ ప్రయోగము గొప్పతనము గుర్తు పొరలో అంతటను వ్యాపించుటను చూచుటలో లేదు. వ్యాపించునని ఎవరైనను ఊహింపవచ్చును. ఖాళీలు వెలుపలి తలమువద్ద హెచ్చుగా, లోహమువద్ద తక్కువగా ఉండునని సిద్ధాంతము చెప్పినది. అట్లయినచో గుర్తు ఏ లోతున ఎంత ఉండవలెనో ముందే లెక్కకట్టవచ్చును. కొలతలు ఆ లెక్కతో సరిపోయినవి. వక్రరేఖను చూచి కథ అల్లుట వేరు, కథనుండి వక్రరేఖను గీసి కొలతకు ఎదురుగా నిలుపుట వేరు. ఐతే రాగికి గుర్తు పెట్టిన ప్రయోగము ఆమ్లజని నడకను తాను చూడలేదను మాటయు మరువరాదు.

ఆమ్లజనికి గుర్తు పెట్టుటలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. దాని రేడియోధార్మిక ఐసోటోపులలో అన్నింటికంటె ఎక్కువకాలము నిలుచు ఆమ్లజని-15కు అర్ధాయువు సుమారు రెండు నిమిషములు మాత్రమే. గంటలకొలది కాల్చు పనికి అది కొరగాదు. కాబట్టి రేడియోధార్మికత లేని ఆమ్లజని-18ని ఆశ్రయింపవలసివచ్చినది. ఫైల్ వ్యాసము వెలువడిన 1929లోనే జియాక్, జాన్‌స్టన్ అనువారు దీనిని కనుగొనిరి. గాలిలోని ఆమ్లజనిలో ఇది నూటికి 0.20 వంతు, 99.76 వంతులు ఆమ్లజని-16, మిగిలిన 0.04 వంతు ఆమ్లజని-17. బరువైనది గనుక 18 కొంచెము మెల్లగా నడచును గాని, ఆ భేదము నూటికి ఆరుకు మించదు; మన పనికి దానిని లెక్కింపనక్కరలేదు. ఇది తన ఉనికిని తాను చాటుకొనదు. తూచి పట్టుకొనవలెను. అయానుల ధారతో పొరను మెల్లమెల్లగా గీకుచు, ఎగిరిపడిన కణములను బరువునుబట్టి వేరుచేయుట ఒక పద్ధతి. ప్రోటానులతో కొట్టి ఆమ్లజని-18 కేంద్రకములు వెలువరించు ఆల్ఫా కణములను లెక్కించుట మరియొక పద్ధతి.

ప్రయోగక్రమము తేలికగా తోచును. ముందు మామూలు ఆమ్లజనిలో కొంతసేపు, తరువాత ఆమ్లజని-18లో కొంతసేపు లోహమును కాల్చి, గుర్తు ఏ లోతున ఉన్నదో చూడవలెను. గుర్తు పైన ఉన్నచో లోహము వెలుపలికి నడచినదనియు, అడుగున ఉన్నచో ఆమ్లజని లోపలికి నడచినదనియు తీర్పు చెప్పుదురు. అనేక సమీక్షలలో ఈ తీర్పు ఇంత సులభముగానే కనబడును. నా అభ్యంతరము ఇచటనే.

బంతిని మరల తలచుకొనుడు. ఆమ్లజని అయానులు కూడ ఖాళీలలోనికి జరుగుచు నడచుచున్నవనుకొందము. బంతిలో చివరివాడు లేచి లోహముతో కలిసినాడు; అందరు ఒక్కొక్క చోటు జరిగిరి; కొత్తగా వచ్చిన ఆమ్లజని-18 మొదటి విస్తరివద్ద కూర్చున్నది. అనగా నడచినది ఆమ్లజనియే, కొత్త ఆక్సైడు పుట్టినది అడుగుననే. ఐనను అడుగున చేరినవి పాత ఆమ్లజని-16 పరమాణువులు, గుర్తు పడినవి మాత్రము పైననే నిలిచినవి! పై తీర్పు ప్రకారము చూచువాడు "లోహము నడచినది" అని వ్రాసిపెట్టును. గుర్తు తానెక్కడ ఉన్నదో చెప్పునే గాని కొత్త ఆక్సైడు ఎక్కడ పుట్టినదో చెప్పదు. ఈ రెండవ విషయము చెప్పగలది ఫైల్ పూత వంటి కదలని గుర్తు. కాబట్టి ఐసోటోపులు వచ్చినందున పాత పూత పద్ధతి మూలపడవలసినదను అభిప్రాయము సరికాదు. ఒకదాని లోపమును మరియొకటి పూడ్చును.

గుర్తు అడుగున దొరకినచో సాక్ష్యము ఇంతకంటె బలమైనది. సిలికాను దీనికి ఉదాహరణము. డీల్, గ్రోవ్ అనువారు 1965లో సిలికానుపై ఆక్సైడు పెరుగుటకు ఇచ్చిన లెక్కలో ఆమ్లజని పొరగుండా లోపలికి వచ్చి సిలికానును చేరునని గ్రహించిరి. 1979లో రోషెంషే, స్ట్రాబొని, రిగో, ఆమ్సెల్ అను పరిశోధకులు ఆమ్లజని-18తో పరీక్షింపగా గుర్తులో చాలభాగము సిలికానుకు ఆనుకొనియున్న అడుగుననే కనబడినది, కొద్దిభాగము పైతలమువద్ద. బంతి పద్ధతిలో జరిగినట్లయితే ఇది సాధ్యము కాదు. కూర్చున్నవారితో చోటు మార్చుకొనక, వరుసల నడుమ దారిగుండా నేరుగా వంటింటివరకు పోయినవాడే ఇట్లు చేరగలడు. ఆమ్లజని అణువు పొరలోని పరమాణువులతో కలియక సందులగుండా దిగినదను భావనకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము కష్టము. పైతలమున కనబడిన కొద్దిభాగము మాటేమి? దానికి తరువాత వత్తును.

చేతిపనిలోని లోపములను కూడ కొన్ని చెప్పవలెను. వాయువును మార్చుటకు నమూనాను చల్లార్చినచో పొర పగులవచ్చును. తిరిగి వేడిచేసినపుడు ఆమ్లజని-18 ఆ పగుళ్ళగుండా దిగి అడుగున చేరును. అది నడక కాదు, చిల్లు. కొలిమి వేడిగా ఉండగనే మొదటి వాయువును పూర్తిగా తోడివేసి రెండవదానిని నింపిన ప్రయోగములను మాత్రమే నమ్మవలెను. ఆమ్లజని-18 ఖరీదైనది గనుక మూసిన పాత్రలో, తరచుగా తక్కువ పీడనమున, పని జరుపుదురు. నత్రజని, నీటియావిరి ఉన్న నిజమైన గాలిలోను అట్లే జరుగునని చెప్పుటకు వేరే ఆధారము చూపవలెను. ఇక పొరను గీకు అయానుల ధార పరమాణువులను కొంతవరకు తానే క్రిందికి నెట్టును. పొర ఎగుడుదిగుడుగా ఉన్నచో ఒకే క్షణమున వేర్వేరు లోతులు గీకబడును. అట్టి నమూనాలో గుర్తు మెల్లగా తగ్గుచు లోపలికి వ్యాపించినట్లు కనబడుట యంత్రము గీసిన బొమ్మయే కావచ్చును.

ఈ చిక్కులన్నింటిని ఎదుర్కొని నిలిచిన పనిగా నికెలుపై ఇంగ్లండులోని హార్వెల్ శాస్త్రజ్ఞులు ఆట్‌కిన్సన్, టేలర్ మొదలగువారు చేసిన పరిశోధనను చెప్పవచ్చును. నికెలు బాగుగా వేడెక్కినపుడు, అనగా సుమారు 1000 డిగ్రీలకు పైన, పొర పెరుగుదల వాగ్నర్ లెక్కకు సరిపోవును. దిగువ ఉష్ణోగ్రతలలో మాత్రము పొర లెక్కకంటె ఎన్నో రెట్లు వేగముగా పెరుగును. ఆక్సైడు ఒకే స్ఫటికము కాక, అనేక చిన్న స్ఫటిక రేణువుల కూర్పు. రేణువుల నడిమి సందులు అడ్డదారులుగా పనిచేయుచున్నవేమో అని అనుమానము. అనుమానమునకు మాటలు చాలవు. వారు అర్ధాయువు సుమారు నూరు సంవత్సరములుగల నికెలు-63ను గుర్తుగా తీసికొని, స్ఫటికము లోపలి నడకను, సందులలోని నడకను వేరువేరుగా కొలిచిరి. తరువాత పెరుగుచున్న పొరలోని రేణువుల పరిమాణమునుబట్టి పొర ఎంత వేగముగా పెరుగవలెనో 1982లో లెక్కకట్టి చూపిరి. ఆ లెక్క నిజమైన వేగముతో సరిపోయినది. బెల్ ప్రయోగశాల పనికి ఉన్న బలమే దీనికిని ఉన్నది: గుర్తు చూపినదానినుండి, గుర్తులేని మరియొక కొలతను ముందుగా చెప్పుట.

ఫైల్ పేరు ఈ కథలో మరల ఒకసారి వచ్చును. వేడిచేయు తీగలకు వాడు నికెలు-క్రోమియము మిశ్రలోహములో అరుదైన మృత్తికా లోహములను అతిస్వల్పముగా కలిపినచో తీగ ఎక్కువకాలము నిలుచునని చెప్పు 1937 నాటి బ్రిటిషు పేటెంటులో ఆయన పేరు కలదు. పని జరిగినది, కారణము తెలియలేదు. యాభై సంవత్సరముల తరువాత కెనడా జాతీయ పరిశోధనామండలిలోని గ్రాహము, హస్సీ మొదలగువారును వారితో కలిసి పనిచేసినవారును ఇట్రియమును చొప్పించిన క్రోమియమును ఆమ్లజని-18తో పరీక్షించిరి. ఉత్త క్రోమియములో గుర్తు పైతలమున చేరినది. తగినంత ఇట్రియము ఉన్నపుడు గుర్తు లోహమువైపు చేరినది. పొర పెరుగుదలయు బాగుగా తగ్గినది. ఇట్రియము రేణువుల సందులలో చేరి, క్రోమియము వెలుపలికి పోవు దారిని మూసివేయగా, మిగిలిన ఆమ్లజని నడక పైచేయి యైనదని వారి వివరణము. ఇచట నన్ను ఒప్పించినది ఏ ఒక్క వక్రరేఖయు కాదు. ఒకే పద్ధతితో, ఒక్క ఇట్రియము మాత్రము భేదముగా, గుర్తు ఒక చివరనుండి మరియొక చివరకు మారుట. పద్ధతిలో ఏ దోషమున్నను అది రెండింటికిని సమానమే గదా!

అల్యూమినియము కలిసిన ఇనుము-క్రోమియము మిశ్రలోహములపై ఏర్పడు అల్యూమినా పొర విషయమున మాత్రము వివాదము సులభముగా తెగలేదు. ఆమ్లజని-18 తరచుగా రెండుచోట్ల శిఖరముగా కనబడును: ఒకటి అడుగున, ఒకటి పైతలమున. అడుగుదానిని గూర్చి తగవు లేదు. ఆమ్లజని సందులగుండా దిగినది. పైదానిని చూచి అల్యూమినియము కూడ వెలుపలికి నడచుచున్నదని కొందరందురు. కాని వేడిగానున్న ఆక్సైడు తలము, పెరుగుదల ఏమియు లేకున్నను, తన ఆమ్లజనిని వాయువులోని ఆమ్లజనితో ఊరకనే మార్చుకొనుచుండును. సిలికానుపై పైతలమున కనబడిన కొద్దిభాగమునకు కారణము అదియే. దీనిని విడదీయుటకు పరీక్ష కష్టమైనది కాదు. లోహమేమియు లేని ఉత్త అల్యూమినా బిళ్ళను అదే కొలిమిలో, అదే వాయువులో, అంతేసేపు ఉంచి, దాని తలమున ఎంత ఆమ్లజని-18 చేరినదో కొలిచి, మొదటి శిఖరమునుండి తీసివేయవలెను. మిగిలినది ఏమైన ఉన్నచో అది అల్యూమినియము నడకకు సాక్ష్యమగును. ఈ తీసివేత చూపని వ్యాసములలోని పైశిఖరమును నేను లెక్కలోనికి తీసికొనను.